పంపు మొరాయించినప్పుడు: రోగమెక్కడ, మందెక్కడ?

మోరిస్‌విల్ పట్టణంలో కుళాయి తిప్పిన వారికి లభించేది జోర్డన్ సరస్సు నీరు. దానిని శుద్ధి చేసి ఇళ్లకు చేర్చే బాధ్యత పొరుగున ఉన్న కేరీ పట్టణానిది. 2006లో ఈ రెండు పట్టణాల నీటి వ్యవస్థలు ఏకమయ్యాయి. పట్టణపు గొట్టాలు చేరని పరిసర గ్రామసీమల ఇళ్లకు మాత్రం సొంత బోరుబావే ఆధారం. అట్టి ఇంటిలో విద్యుత్తు పోతే దీపంతోపాటు మంచినీరు కూడా ఆగిపోతుంది. 1996 సెప్టెంబరులో ఫ్రాన్ తుఫాను రాలీ పరిసరాలను చీకటిలో ముంచినప్పుడు బోరుబావుల వారికి ఈ సంగతి అనుభవానికి వచ్చింది.

తెలుగునాట మోట, ఏతాల స్థానాన్ని విద్యుత్ మోటారు ఆక్రమించి దశాబ్దాలు గడిచాయి. అక్కడ మోటారు ఆగితే ఎండేది పైరు. ఊరు ఏదైనా సూత్రమొక్కటే: మోటారు తనంతట తాను కాలడం అరుదు. దానిని కాల్చిన కారణం సాధారణంగా తీగలోనో, నీటిలోనో, గాలిలోనో ఉంటుంది. ఆ కారణాన్ని తొలగించకుండా వైండింగు చుట్టిస్తే కొత్త తీగ కూడా దానికే ఆహుతి అవుతుంది.

కాలడమంటే ఏమిటి?

మోటారులోని రాగి తీగలపై పలుచని ఎనామెల్ పూత ఉంటుంది. ఇది ఒక రసాయనిక పదార్థం. వేడికి క్రమంగా పెళుసుబారుతుంది. ఉష్ణోగ్రత పరిమితిని దాటి ప్రతి 10 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినప్పుడు పూత ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. పూత చిట్లిన చోట తీగలు ఒకదానినొకటి తాకుతాయి. దానినే మనం మోటారు కాలడమంటాము. కావున పంపు వైద్యమంటే అధిక వేడికి మూలాన్ని వెదకడమే.

మూలుగుతుంది, తిరగదు

ఒకే ఫేజుపై నడిచే మోటారుకు తనంతట తాను తిరగడం మొదలుపెట్టే శక్తి లేదు. కెపాసిటర్ రెండవ వైండింగులోని ప్రవాహాన్ని కొంత ముందుకు జరిపి, తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. కెపాసిటర్ చెడితే మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది. వెంటనే ఆపివేయాలి. ఇంటిలో కంట్రోల్ పెట్టె ఉన్న బోర్లలో కెపాసిటర్ ఆ పెట్టెలోనే ఉంటుంది. బోరు నుండి మోటారును పైకి తీయనవసరం లేదు. కెపాసిటర్ బాగున్నా తిరగకపోతే ఇసుక చేరి ఇంపెల్లరు బిగిసి ఉండవచ్చు, లేదా బేరింగు పట్టివేసి ఉండవచ్చు.

తిరుగుతుంది, నీరు రాదు

నేలపై అమర్చిన పంపు నీటిని పీల్చదు. గొట్టంలో గాలి పీడనం తగ్గినప్పుడు బయటి వాతావరణమే నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం వద్ద ఈ నెట్టుడుకు హద్దు 10.3 మీటర్లు, ఆచరణలో 7 మీటర్లు దాటడం కష్టం. పీల్పు గొట్టంలో సూదిబెజ్జమంత సందున్నా గాలి జొరబడి నీరు రాదు. సాయంత్రం నీరు నింపిన పంపు తెల్లవారేసరికి ఖాళీ అయితే ఫుట్‌వాల్వును అనుమానించాలి.

బోరులో మునిగి ఉండే పంపుకు ఈ చిక్కు లేదు. అక్కడ ప్రవాహాన్ని కొలవాలి. మోటారుపై ముద్రించిన ఆంపియర్లకంటె బాగా తక్కువ ఉంటే నీటిమట్టం దిగిపోవడమో, ఇరుసు తెగడమో కారణం. ఎక్కువ ఉంటే బిగుసుకోవడమో, తక్కువ వోల్టేజియో కారణం. లైను మరమ్మతు తరువాత మూడు ఫేజుల పంపు నీరు సన్నగా పోస్తే అది వెనుకకు తిరుగుతున్నదేమో చూడాలి. ఏ రెండు తీగలనైనా తారుమారు చేస్తే సరిపోతుంది.

క్షణక్షణం ఆగి తిరుగుతుంది

అమెరికా ఇళ్లలో ప్రెషర్ స్విచ్ సాధారణంగా చదరపు అంగుళానికి 40 పౌండ్ల వద్ద పంపును నడిపి, 60 వద్ద ఆపుతుంది. ట్యాంకులోని గాలి దిండువలె పనిచేస్తుంది. గాలి పోతే చెంబెడు నీరు వాడినా పంపు ఉలిక్కిపడి లేస్తుంది. మోటారుకు అత్యధిక ప్రవాహం ఆరంభంలోనే కనుక ఈ మాటిమాటి లేవడమే దాని ఆయువు తీస్తుంది. విద్యుత్తు ఆపి, ట్యాంకు నీరు వదలి, పంపు మొదలయ్యే ఒత్తిడికంటె 2 పౌండ్లు తక్కువగా, అంటే 38 పౌండ్ల వరకు, సైకిలు పంపుతో గాలి నింపవచ్చు. గాలి మళ్లీ నిలవకపోతే లోపలి సంచి చినిగినట్లే. స్విచ్ కొనల మధ్య నలిగిన చీమలు, దాని సన్నగొట్టంలో పేరుకున్న ఇనుప మడ్డి కూడా పంపును ఆపివేయగలవు.

మళ్లీ మళ్లీ కాలుతుంది

పొలాల్లో తరచుగా కనబడేది ఈ వ్యాధి. వోల్టేజి తగ్గితే మోటారు అదే పని చేయడానికి ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. మూడు ఫేజులలో ఒకటి పోతే మిగిలిన రెండింటిలో ప్రవాహం సుమారు 1.7 రెట్లవుతుంది. ఆటో స్టార్టర్లున్న చోట విద్యుత్తు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మరును కుంగదీస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సేద్యానికి 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు, భూగర్భజలం వృథా కాకుండా ఈ ఆటో స్టార్టర్లను తొలగించమని ప్రభుత్వం రైతులను కోరింది. ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే రక్షణ పరికరం, సరిగా అమర్చిన ఓవర్‌లోడ్ రిలే, నీరు లేనప్పుడు ఆపే పరికరం: ఈ మూటి ఖర్చు వైండింగు చుట్టించే ఖర్చుతో పోల్చి చూడదగినది.

ముందు ప్రాణం, తరువాత పంపు

అమెరికా బోరు మోటారుకు వచ్చే 240 వోల్టుల రెండు తీగలలోనూ విద్యుత్తు ఉంటుంది. ఒక్కటి విప్పినంత మాత్రాన రెండవది నిరపాయం కాదు. జంట బ్రేకరును ఆపి, మీటరుతో పరీక్షించిన తరువాతే చేయి పెట్టాలి. ఆపిన పిదప కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలువ ఉండవచ్చు. తడి నేలపై నిలిచి స్టార్టరు పెట్టె తాకి ప్రాణాలు కోల్పోయిన రైతులు తెలుగునాట ఎందరో. ఎర్తు తీగ సరిగా లేని మోటారును నడపరాదు.

స్వగ్రామం నుండి మోటారు కాలిందని కబురు వచ్చినప్పుడు డబ్బు పంపేవారు దానితోపాటు నాలుగు ప్రశ్నలు కూడా పంపడం మేలు. వోల్టేజి ఎంత వస్తున్నది? మూడు ఫేజులూ ఉన్నాయా? బోరులో నీరు మోటారుకు ఎంత పైన ఉన్నది? ఎర్తు ఉన్నదా? వీటికి జవాబు దొరికిన తరువాత చుట్టించిన వైండింగే నాలుగు కాలాలు నిలుస్తుంది.