గాలపు కఱ్ఱ - రీలు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో చెఱువు లేని ఊరు అరుదు. బయ్యారము చెఱువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. ఘనపురములోని గణపసముద్రమును ఆ ప్రభువు కాలము నాటిదే. వానలకు ఈ చెఱువులు నిండినపుడు గట్టుపై గాలము పట్టుకొని కూర్చున్న బాలురు కనబడుదురు. వారి చేతిలోనిది సన్నని వెదురు కఱ్ఱ, దారము, బెండు, ముల్లు, అంతే. ఇప్పుడు పట్టణములలోని అంగళ్లలో రీలుతో కూడిన కఱ్ఱలును దొరకుచున్నవి. వాటిపై మనసుపడిన బాలుడు మొదట ఆలోచింపవలసినది వాటి వెలను గూర్చి కాదు, తాను పట్టదలచిన చేపను గూర్చి.

గాలపు విద్య మనకు క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణి నేలిన చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని 'మానసోల్లాసము'న మత్స్యవినోదమను ప్రకరణము కలదు. చేపల జాతులు, వాటికి వేయవలసిన యెఱలు అందు వివరింపబడినవి. అనుమకొండ నేలిన కాకతి ప్రభువులు ఆనాడు ఈ చాళుక్యులకు సామంతులు.

పరకలు, జెల్లలు మొదలగు చిన్న చేపలకు రీలుతో పనియే లేదు. ఇవి గట్టు దగ్గఱకే వచ్చి వానపామును అందుకొనును. ఎనిమిది, పది అడుగుల వెదురును నీడన ఆరబెట్టి, కొన లేతగా వంగునట్లు చూచుకొనిన చాలును. ఖర్చు దారమునకు, ముల్లునకు మాత్రమే. చేతికి ఓర్పు, కంటికి బెండు కదలిక అలవడువఱకు ఇంతకు మించిన గురువు లేడు.

కొర్రమీను సంగతి వేఱు. 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర మత్స్యముగా ప్రకటించినది దీనినే. ఇది మొప్పలతోనే గాక నీటిపైకి వచ్చి గాలిని గూడ పీల్చుకొనును. నాచులో, తామరాకుల క్రింద పొంచియుండి కప్పను, చిన్న చేపను కబళించును. అమెరికాలో బాస్ అను చేపయు ఇట్లే పొంచి వేటాడును. కావున అచటివారు బాస్ కొఱకు వాడు తరహా కఱ్ఱ మన కొర్రమీనునకును పనికివచ్చును. ఎఱను దూరముగా విసరి, మెల్లగా లాగవలెను. రీలు అవసరము అచటనే కలుగును.

క్రొత్తవారికి తగిన రీలులో దారము చుట్టిన కండె, విసరునపుడు తిరుగదు. దారము దాని అంచు మీదుగా జారిపోవును. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అను జౌళి వ్యాపారి ఇట్టి రీలునకు హక్కుపత్రము పొందెను. నూలు మిల్లులోని కండెయే ఆయనకు ఈ ఆలోచన కలిగించెనందురు. రీలుపై నుండు బిరడాను బిగించిన కొలది దారము బిగువుగను, వదలిన కొలది సులువుగను జారును. చేప బలముగా లాగినపుడు దారము తెగక జారవలెను. తెగుబలములో మూడవవంతు లాగుడునకు దారము జారునట్లు బిరడాను అమర్చుట వాడుక. ఆరు కిలోల దారమైనచో, రెండు లీటర్ల నీటి సీసాను కట్టి ఎత్తి చూడవచ్చును. అది జారీజారక నిలిచిన అమరిక సరిగా నున్నట్లే.

కఱ్ఱ ఆఱు, ఏడు అడుగుల గాజునారది చాలును. అంతకంటె పొడవైనది దూరము విసరును గాని లేత మణికట్టును అలయించును. కర్బన నారతో చేసినది తేలిక, కాని వెల హెచ్చు, దెబ్బ తగిలిన విఱుగును, విద్యుత్తును సులభముగా ప్రవహింపజేయును. గట్ల వెంట మోటారు తీగలు సాగు మన ఊళ్లలో ఈ సంగతి చిన్నది కాదు. ఏ కఱ్ఱయైనను తీగల క్రింద ఎత్తరాదు. ఉఱుము వినబడిన వెంటనే చెఱువు విడువవలెను.

వేయి, రెండువేల రూపాయల నడుమ కఱ్ఱయు రీలును కలిపి దొరకును. డబ్బాపై అచ్చువేసిన బేరింగుల సంఖ్యను చూచి మోసపోరాదు. పిడిని త్రిప్పి, గరగర లేకుండ తిరుగుచున్నదేమో చూడవలెను. కఱ్ఱకున్న ఉంగరములలో దూదిని త్రిప్పినచో, బీట ఉన్నచోట అది చిక్కుకొనును. ఆ బీటయే రేపు దారమును కోయును. మిగిలిన సొమ్ముతో మంచి దారము కొనుట మేలు. తామరతూండ్ల నడుమ వేయువారికి నైలాను పోగు చాలదు, అల్లిన గట్టి దారము కావలెను. తెగిన దారమును గట్టున వదలినచో కొంగల కాళ్లకు ఉరి యగును.

చెఱువులోని చేప ఎవరిదో గూడ తెలిసికొనవలెను. పలు ఊళ్లలో మత్స్య సహకార సంఘమువారు వానకాలమున పిల్లలను వదలి, వేసవిలో నీరు తగ్గినపుడు వలలు వేయుదురు. రైతునకు వరి ఎట్లో వారికి ఆ చేపలట్లు. కావున సంఘపు పెద్దను అడిగిన పిమ్మటనే గాలము వేయవలెను. వానకాలము కొర్రమీను పిల్లలు పెట్టు కాలము. నీటిపై ఎఱ్ఱని పిల్లల గుంపు మసలుచున్నచో పెద్ద చేప దాని క్రిందనే కావలి యుండును. కోపముతో అది ఏ యెఱనైనను కఱచును గాన పట్టుట సులభము. కాని అది పోయినచో ఆ గుంపు ఇతర చేపల పాలగును.