తామరకు బలురక్కసి పాలు

మా బంటుమిల్లి వైపు సార్వా ఊడ్పులంటే ఆడవాళ్లకు రోజంతా బురదలోనే పని. కాలివేళ్ల సందులు నాని, తెల్లబడి, ఒకటే దురద. ఇక చెమటా తడీ నిలిచేచోట తామర సంగతి చెప్పనే అక్కర్లేదు. తామరకు కారణం శిలీంధ్రం, అంటే బూజు జాతి. వేళ్ల సందుల్లో దురదకూ చాలాసార్లు అదే కారణం.

మా చిన్నవాడికి ఒకసారి మొలతాడు కింద తామర లేచింది. "బలురక్కసి పాలు రాయవే అమ్మాయ్, ఇట్టే మాడిపోతుంది" అన్నారు పక్కింటి పిన్నిగారు. కాలవగట్టున ముళ్ల ఆకులతో, పసుపుపచ్చ పూలతో ఉంటుందే, అదే. కొమ్మ తుంచితే పసుపు పాలు కారతాయి. తెచ్చి రాశాను. తామర మాట దేవుడెరుగు, మూడోనాటికి చర్మం కమిలిపోయి పిల్లవాడు ఒకటే ఏడుపు.

మరి పిన్నిగారిది వట్టి చాదస్తమా? కాదు. ఆ పాలలో ఆల్కలాయిడ్లున్నాయి. తెలుగులో క్షారాభాలంటారు. మొక్క పారిపోలేదు కదా! పురుగునూ బూజునూ ఎదుర్కోవడానికి ఇలాంటి చేదు పదార్థాలు తయారు చేసుకుంటుంది. 1820లో సింకోనా బెరడు నుంచి విడదీసిన క్వినైనూ, పొగాకులోని నికోటినూ ఈ కోవలోవే. బలురక్కసిలో ఉన్నవి బెర్బరిన్, సాంగ్వినరిన్. ప్రయోగశాలలో గాజుపళ్లెంలో పెంచిన శిలీంధ్రాలను ఇవి అణచగలవు.

కానీ పళ్లెంలో శిలీంధ్రం ఒక్కటే ఉంటుంది. ఒంటిమీద మన చర్మం కూడా ఉంది. సాంగ్వినరిన్ రెంటినీ కాల్చగలదు. బలురక్కసి గింజలు చూపుకు ఆవాల్లాగే ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆ గింజల నూనె కలిసి, తిన్నవాళ్లకు కాళ్లు వాచి, 60 మందికి పైగా చనిపోయారు.

డాక్టర్లిచ్చే క్లోట్రిమజోల్ వంటి మందు తీరు వేరు. శిలీంధ్రం తన కణం పొరకు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారు చేసుకోవాలి. మన కణాలకు దానితో పనిలేదు. మందు ఆ తయారీని ఆపుతుంది కనుక దెబ్బ ముఖ్యంగా శిలీంధ్రానికే తగులుతుంది.

అయితే దురద తగ్గిందని మధ్యలో మానెయ్యకండి. డాక్టరు చెప్పినన్ని వారాలూ రాయాలి. స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు దుకాణంలో సొంతంగా అడిగి కొనుక్కోవద్దు. ఎరుపు తగ్గినట్టే తగ్గి, తామర చుట్టూ పాకుతుంది. చేలోంచి రాగానే కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడుచుకోండి. ఒకరి తువ్వాలు ఒకరు వాడకండి.

మొక్కల్లో మందు లేదని నేననను. దాన్ని విషం నుంచి వేరుచేసి, మోతాదు కొలిచే సాధనం మన వంటింట్లో లేదంటాను, అంతే. మా వాడికి పూర్తిగా తగ్గడానికి నెల పట్టింది.