పోచంపాడు నీళ్లు, పట్టా లేని చేతులు

ప్రాంతీయ అభివృద్ధికి ఉదాహరణ అడిగితే పోచంపాడు పేరు చెప్తారు. 1963 జూలై 26న నెహ్రూ ఇక్కడ గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిండు. అదే శ్రీరాంసాగర్ అయింది. కాలువలు పారినయి, బోర్లు పడ్డయి, ఆర్మూరు పసుపుకు పేరొచ్చింది. ఇదంతా అభివృద్ధి కాదని మేము అనం. యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరంగా మేము అడిగేది వేరే ప్రశ్న: ఈ అభివృద్ధి ఏ దారిన ఇంటికి చేరుతుంది?

పట్టా దారినే. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి నీటి సంఘాలు పెట్టింది. గొప్ప సంస్కరణ అని పేరొచ్చింది. కానీ ఓటు ఆయకట్టులో భూమి ఉన్నోళ్లకు, కౌలుదారులుగా రికార్డుకెక్కినోళ్లకే. కాలువల పూడిక ఎత్తిన కూలికి లేదు. 2018లో వచ్చిన రైతుబంధు కూడా పాస్‌బుక్‌నే చూసింది, నాగలి పట్టినోణ్ణి చూడలేదు.

పసుపు సుమారు తొమ్మిది నెలల పంట. విత్తనం పెట్టడం, కలుపు తీయడం, తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం అన్నీ కూలీల చేతుల మీదే నడుస్తయి. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ధర, ఎగుమతి, కొత్త వంగడాల గురించి మాట్లాడే చోట కూలి రేటు ఎవరు మాట్లాడాలె?

2025 జనవరి 26న తెలంగాణ ప్రభుత్వం భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టింది. కూలిని లెక్కలోకి తీసుకున్నది, మంచిదే. అయితే లెక్క చూడండి. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. ఆత్మీయ భరోసా కుటుంబం మొత్తానికి 12,000. అయిదెకరాల ఆసామికి లెక్క ప్రకారం 60,000. భూమి ఎక్కువైతే సాయం పెరుగుతది, మనుషులు ఎక్కువైతే పెరగదు.

భూమే ఇస్తమన్న మాటా ఉన్నది. 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలైంది, అందింది కొద్దిమందికే. అంబేద్కర్ 1947లోనే సాగుభూమి రాజ్యం చేతిలో ఉండాలని, కులభేదం లేకుండా ఊరివాళ్లకు సాగుకివ్వాలని, భూస్వామీ కూలీ ఉండొద్దని రాసిండు. అంత దూరం పోకున్నా, ఉన్న చట్టాలతోనే మూడు పనులు చేయొచ్చు: దళితుల ప్రత్యేక నిధులతో ఆయకట్టు కిందే భూమి కొనివ్వాలె, కౌలుదారును రికార్డుకెక్కించాలె, నీటి సంఘంలో, పసుపు బోర్డులో కూలీలకు చోటివ్వాలె.

ప్రభుత్వం తెచ్చే ప్రతి కొత్త పథకాన్నీ మనం అడగాల్సింది ఒక్కటే: పట్టా లేని ఇంటికి ఏమొచ్చింది? దానికి జవాబు లేనంతకాలం అభివృద్ధి నిలబడ్డదని చెప్పలేం.