ఇరవై ఏళ్ల పెంట, శతాబ్దపు నిల్వ

ఇంగ్లండ్‌లో లండన్‌కు ఉత్తరాన రోథమ్‌స్టెడ్ అనే పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడి హూస్‌ఫీల్డ్ బార్లీ చేనులో ఒక మడికి 1852 నుంచి 1871 దాకా ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల పెంట తోలారు. ఆ తర్వాత తట్టెడు కూడా వేయలేదు. వందేళ్లు దాటాక ఆ మట్టిని పరీక్షిస్తే, ఎన్నడూ పెంట ఎరుగని మడి కంటే అందులో కర్బనం ఇంకా ఎక్కువే ఉంది. తోలినవాళ్లు పోయారు, వాళ్ల మనవలూ పోయారు. నేల మాత్రం కొంత దాచుకునే ఉంది.

ఆ భూముల యజమాని జాన్ బెన్నెట్ లాజ్ స్వయంగా ఎరువుల వ్యాపారి. 1842లో సూపర్ ఫాస్ఫేట్ తయారీకి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడే రసాయనవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్‌తో కలిసి బ్రాడ్‌బాక్ చేనులో గోధుమ మీద ప్రయోగం మొదలుపెట్టాడు. అది నేటికీ ఆగలేదు. పాత మట్టి నమూనాలను సీసాల్లో భద్రపరిచారు కాబట్టి ఏ కాలం మట్టితోనైనా పోల్చి చూడవచ్చు.

అక్కడ పెంట వేసిన మడి, నత్రజని, భాస్వరం, పొటాష్ తగినంత అందిన మడి చాలాకాలం దాదాపు సమానంగా పండాయి. గింజల తూకం చూసినవాడికి తేడా తెలియదు. తేడా అంతా మట్టిలోనే. ఏ ఎరువూ లేని మడిలో సేంద్రియ కర్బనం ఒక శాతం దగ్గర నిలిచింది, రసాయన ఎరువుల మడిలో దానికి కాస్త పైన. పెంట మడిలో రెండింతలు దాటింది.

కారణం పెద్ద చిక్కుముడేమీ కాదు. పెంటలో కర్బనం నేరుగా వస్తుంది. యూరియాలోనూ కర్బనం ఉంది కదా అంటే, ఉంది. కానీ నేలలో పడ్డ కొద్ది రోజులకే అది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. రసాయన ఎరువు చేసే మేలు దొడ్డిదారిన వస్తుంది: పైరు ఏపుగా ఎదిగి, వేళ్లూ కొయ్యకాళ్లూ ఎక్కువగా నేలకు దక్కితేనే. కొయ్యకాళ్లు తగలబెడితే ఆ దారీ మూసుకుపోతుంది.

నేలకు చేరినదంతా నిలవదు. సూక్ష్మజీవులు అధిక భాగం తినేసి గాలిలోకి వదులుతాయి. మిగిలినది బంకమట్టి రేణువులకు అంటుకుని, మట్టి గుళికల లోపల దాక్కుంటుంది. హూస్‌ఫీల్డ్‌లో ఇంతకాలం నిలిచింది అలా చిక్కుకున్న కర్బనమే. ఏటా పెంట వేస్తూ పోతే మొదటి ఇరవై ముప్పై ఏళ్లలో నిల్వ చకచకా పెరుగుతుంది. తర్వాత రాబడీ ఖర్చూ సమానమై పెరుగుదల మందగిస్తుంది.

అనంతపురం ఎర్ర నేలల్లో ఈ లెక్క మరీ కటువు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. పైగా వేరుశనగను వేళ్లతో సహా పీకుతారు, కట్టె పశువులకు మేత అవుతుంది. ఇక చేనుకు మిగిలేదేమిటి? 1985లో అక్కడ మొదలైన దీర్ఘకాలిక ప్రయోగంలో ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, సిఫార్సులో సగం రసాయన ఎరువుతోపాటు హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మడిలోనే కర్బనం ఎక్కువగా నిలిచింది. ఉన్నది తరిగిపోకుండా చూడటానికే ఏటా హెక్టారుకు సుమారు 1.1 టన్నుల కర్బనం చేరాలని తేలింది.

పెంట విషయంలో మరో మెలిక ఉంది. హెక్టారుకు 35 టన్నులంటే ఎకరానికి పద్నాలుగు. అంత పెంట ఏ రైతు దొడ్లో ఉంది? ఉన్నా, అది వేరే చేల గడ్డి తిన్న పశువులది. ఒక చేను కర్బనం మరో చేనుకు మారింది తప్ప, వాతావరణం నుంచి అదనంగా దిగింది కొంచెమే. రోథమ్‌స్టెడ్ శాస్త్రవేత్తలు కూడా ఈ హెచ్చరిక చేశారు. పంటకు, మట్టి గుల్లదనానికి, తేమకు పెంట చేసే మేలును ఇది తగ్గించదు. వాతావరణ లెక్కల్లో మాత్రం చేరిన కర్బనమంతా లాభంగా రాసుకోలేం.

అనంతపురం పొట్టుకూ ఆ చిక్కు ఉంది, హెక్టారుకు 4 టన్నుల పొట్టు ఒక్క చేనులోనే పుట్టదు. పుట్టినంతైనా చేనుకే తిరిగొస్తే మేలు. కాకపోతే రైతు కాయలను వలవకుండా అమ్మేస్తే పొట్టూ వాటితోపాటే ఊరు దాటిపోతుంది. మిల్లు చేరాక బాయిలర్‌లో ఇంధనంగా దానికి గిరాకీ ఉంది.