ఆర్చి కాడి జంక్షన్

పరవాడ వాళ్లం పట్నం పోవాలంటే ముందు లంకెలపాలెం వచ్చి హైవే ఎక్కాలి. అగనంపూడి దాటాక బస్సులో సగం మంది సంచులు సర్దుకుని లేస్తారు. కూర్మన్నపాలెం వచ్చిందన్నమాట. ఎడమ చేతి వైపు దువ్వాడ రైల్వే స్టేషన్‌కు పోయే దారి, కుడి చేతి వైపు స్టీల్‌ప్లాంటు ఆర్చి, రెంటికీ మధ్య చెన్నై నుంచి కోల్‌కతా దాకా సాగే జాతీయ రహదారి. దాని నంబరు ఐదు నుంచి పదహారుకు మారి చాలా ఏళ్లయింది, మా నోట మాత్రం అది హైవేయే. గడియార స్తంభం చూపించి ఊరికి నడిబొడ్డు ఇదీ అని చెప్పుకునే చోటు కాదిది. ఏ రాజూ కట్టించలేదు, ఏ మునిసిపాలిటీ ముచ్చటపడి తీర్చిదిద్దలేదు. రెండు దార్లు కలిసిన చోట బస్సు ఆగింది, బస్సు ఆగిన చోట టీ కొట్టు వచ్చింది, టీ కొట్టు చుట్టూ ఊరు పెరిగింది.

అయినా ఉత్తరాంధ్రలో గత అరవై ఏళ్ల రాజకీయాన్ని ఒకే చోట నిలబడి చూడాలంటే నేను ఈ జంక్షన్‌కే తీసుకొస్తాను. విశాఖ నడిమధ్యనున్న జగదాంబ జంక్షన్‌కు సినిమా హాలు పేరిచ్చింది. అనకాపల్లి నెహ్రూచౌక్‌కు బెల్లం వ్యాపారం కళ తెచ్చింది. కూర్మన్నపాలేనికి మాత్రం పేరూ కళా రెండూ గొడవే తెచ్చిపెట్టింది.

ఆ గొడవ మొదట పుట్టింది ఇక్కడ కాదు. దక్షిణాదిలో ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలో తేల్చమని కేంద్రం ఒక ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందానికి అప్పగిస్తే, వాళ్లు 1965లో విశాఖపట్నం పేరు చెప్పారు. చెప్పాక ఢిల్లీ వెనకాడింది, నాన్చింది. గుంటూరు జిల్లా తాడికొండకు చెందిన తమనంపల్లి అమృతరావు 1966 అక్టోబరు 15న విశాఖ వచ్చి ఆమరణ దీక్షకు కూర్చున్నారు. సముద్రం పక్క ఊళ్లో ఫ్యాక్టరీ కోసం కృష్ణ పక్క ఊరాయన కడుపు మాడ్చుకున్నాడు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో ‘ఆంధ్రుల’ అన్న మాట ఉత్తినే పడలేదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నడిచారు, కాలేజీలు ఖాళీ అయ్యాయి. నవంబరు 1న, సరిగ్గా రాష్ట్ర అవతరణ రోజున, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి చనిపోయింది 32 మంది అని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. ఇందిరా గాంధీ 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు, 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు.

అక్కడి నుంచి కథ మా వైపు తిరుగుతుంది, ఇక్కడే చాలా మంది చెప్పేవాళ్లు తొందరపడతారు. శంకుస్థాపన రాయికీ కొలిమి వేడికీ మధ్య దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ కంపెనీగా పుట్టింది 1982లో. ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. పి.వి. నరసింహారావు దేశానికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఈ ఇరవై ఏళ్లలో అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. పదహారు వేల పైచిలుకు కుటుంబాలు ఇల్లూ పొలమూ అప్పజెప్పి వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీల్లోకి వచ్చిపడ్డాయి. వాళ్ల చేతికి మిగిలింది ఒక కార్డు. ‘ఆర్ కార్డు’ అంటే ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలుసు. ఇంటికొక ఉద్యోగం అన్న మాటకు అది రుజువు.

ఆ కార్డును పెళ్లిచూపుల్లో చెప్పుకున్నారు, అన్నదమ్ములు దాని మీద పంచాయితీ పెట్టుకున్నారు. తండ్రి పేరున వచ్చిన కార్డు కొడుక్కి పనికొస్తుందనీ, కొడుక్కి వయసు మీరాక మనవడికైనా అక్కరకొస్తుందనీ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో దాచారు. సుమారు సగం మందికే ఉద్యోగాలు వచ్చాయి. మిగతా సగం మంది ప్లాంటు గేటు ముందు ధర్నాలు మొదలుపెట్టారు. ఈ ఆర్చి ముందు జనం కూర్చోవడం అన్న అలవాటును మొదట చేసింది వాళ్లు, ఆ తర్వాతే ఉద్యోగులు. ఈ వరుసను నేను పట్టుబట్టి చెబుతాను. ఎందుకంటే తర్వాత వచ్చిన ఫొటోల్లో ఎర్రజెండాలూ యూనియన్ నాయకులూ ముందు కనిపిస్తారు, ఆర్ కార్డు వాళ్లు వెనక వరుసలోకి పోతారు.

మధ్యలో జంక్షన్‌కు మంచి రోజులూ నడిచాయి. ఉక్కునగరం క్వార్టర్లు నిండాయి. పొద్దున్న ఆరింటికి ఏ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు, రాత్రి పదింటికి సి షిఫ్టు. ఇక్కడి కొట్లన్నీ ఆ మూడు గంటల చుట్టూనే తిరుగుతాయి. షిఫ్టు విడిచే వేళ హెల్మెట్లు బండి హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చే వాళ్లతో రోడ్డు నిండిపోతుంది, బజ్జీల బండి దగ్గర నూనె మరిగే చప్పుడు మీద ఆటోవాళ్ల ‘గాజువాక, గాజువాక’ కేకలు. జీతాల తారీఖున గాజువాక బట్టల కొట్లకు పండగ. ‘స్టీల్‌ప్లాంటులో పర్మనెంటు’ అన్న మాట మా ఇళ్లల్లో ఒక తరం పాటు కట్నం లెక్కను శాసించింది. అది గర్వపడాల్సిన సంగతి కాదు గానీ, నిజం.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా సరేనంది. ఆ కబురు ఫిబ్రవరి మొదట్లో బయటికి పొక్కింది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం జంక్షన్‌లో టెంటు లేచింది.

టెంటు అన్నాను గానీ, దాని లోపల ఒక పద్ధతి ఉంది. ఇవి రిలే నిరాహార దీక్షలు. ఒక రోజు కోక్ ఓవెన్ల వాళ్లు, మర్నాడు స్టీల్ మెల్టింగ్ షాపు వాళ్లు, ఆ మర్నాడు రోలింగ్ మిల్లు వాళ్లు. డ్యూటీ లేనివాళ్లు, సెలవు పెట్టినవాళ్లు పొద్దున్నే వచ్చి మెళ్లో దండలు వేసుకుని కూర్చుంటారు. వెనక ఫ్లెక్సీ మీద అన్ని అక్షరాలూ అలాగే ఉంటాయి, రోజు నంబరు మాత్రం మారుతుంది. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. కొలిమి ఆరకుండా దీక్ష సాగాలంటే ఇదొక్కటే దారి. బ్లాస్ట్ ఫర్నేస్‌ను స్విచ్చి నొక్కి ఆపేసి ధర్నాకు రావడం కుదరదు, ఒకసారి చల్లబడితే లోపల గడ్డకట్టిన ఇనుమును తవ్వి తీయాలి. అందుకే రోజును మూడు షిఫ్టులు చేసినట్టే నిరసననూ ముక్కలు చేసి పంచుకున్నారు. పని గురించి తెలిసినవాళ్లు చేసే పోరాటం ఎలా ఉంటుందో చూడాలంటే ఇది చూడాలి.

మార్చి 8న రాష్ట్రానికి ఇందులో వాటా లేదనీ, నూరు శాతం అమ్మకమేననీ పార్లమెంటులో జవాబు వచ్చింది. ఆ సాయంత్రం జనం రోడ్డు మీదికి వచ్చేశారు. రాత్రంతా హైవే కదల్లేదు, లారీలు బారులు తీరాయి. ఏప్రిల్లో రైతు నాయకుడు రాకేశ్ టికాయత్ ఢిల్లీ సరిహద్దుల నుంచి విశాఖ వచ్చి మాట్లాడారు. మే నెలలో రాష్ట్ర శాసనసభ అమ్మకం వద్దని తీర్మానం చేసింది. ఆగస్టు చివర, దీక్షలు రెండు వందల రోజులకు చేరేసరికి, అగనంపూడి నుంచి గాజువాక దాకా రోడ్డు పొడుగునా చేతులు పట్టుకుని నిలబడ్డారు. అక్టోబరు 31న పవన్ కల్యాణ్ సభ కూడా కూర్మన్నపాలెంలోనే. ఏ పార్టీవాడికైనా ఈ చుట్టుపక్కల మాట్లాడాలంటే ఇక్కడికి వచ్చి నిలబడక తప్పని పరిస్థితి వచ్చింది. వచ్చిన వాళ్లంతా మాట ఇచ్చే వెళ్లారు.

ఆ ఏడు వేసవిలో కోవిడ్ రెండో అల ఊళ్లను ఊడ్చేస్తుంటే ఏప్రిల్ 22న ఇదే ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లతో దేశంలో మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. ఏడు ట్యాంకర్లు, సుమారు వంద టన్నులు. ఆర్చికి ఇవతల ‘అమ్మొద్దు’ అని టెంటు, ఆర్చికి అవతల ఊపిరి నింపుతున్న ట్యాంకర్లు. అమ్మకాన్ని సమర్థించేవాళ్ల దగ్గర నష్టాల పట్టికలున్నాయి, అవి అబద్ధాలని నేననను. సొంత ఇనుప గనులు లేకుండా బయట ధరకు ఖనిజం కొనుక్కునే ప్లాంటు లాభనష్టాలను గనులున్న ప్లాంటుతో పక్కపక్కన పెట్టి చూడ్డం మాత్రం న్యాయం కాదు. టెంటు లోపల ఉపన్యాసాల్లో పదేపదే వచ్చిన మాట కూడా అదే: సొంత గనులివ్వండి, తర్వాత లెక్క అడగండి.

నాకు ఇక్కడ అన్నిటికన్నా పెద్దదనిపించే సంగతి వేరే. ఒకప్పుడు ఈ ప్లాంటు మీద ధర్నాకు వచ్చిన నిర్వాసితులు ఇప్పుడు ఇదే ప్లాంటు కోసం వచ్చి కూర్చున్నారు. వాళ్ల ఉద్యోగాల బాకీ తీరలేదు. అయినా ప్రైవేటువాడి చేతికి పోతే ఆ కార్డును అడిగేందుకు గేటే ఉండదని వాళ్లకు తెలుసు. బాకీ ఉన్నవాడు బాగుండాలని అప్పిచ్చినవాడు కోరుకోవడం లోకంలో ఉన్నదే.

2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. పట్నంలో కొందరు స్వీట్లు పంచుకున్నారు. 2021 నిర్ణయాన్ని రద్దు చేశామన్న మాట ఆ ప్రకటనలో లేదు, కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం మాటా లేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద సమ్మె వచ్చింది. జంక్షన్‌కు పని తగ్గలేదు.

ఇక వెనక్కి, పరవాడ వైపు వస్తే లెక్క తిరగబడుతుంది. మా మండలంలో పరిశ్రమకు కొదవ లేదు. సింహాద్రి ఎన్టీపీసీ 2002లో మొదలై ఇప్పుడు 2,000 మెగావాట్లు, ఒడిశా తాల్చేరు బొగ్గు, సముద్రపు నీటితో చల్లబరిచే కూలింగ్ టవర్లు. ఆ పక్కనే రెండు వేల ఎకరాలు దాటిన ఫార్మాసిటీ. పొద్దున్నా సాయంత్రం లంకెలపాలెం జంక్షన్‌లో నిలబడి చూస్తే కంపెనీ బస్సులు వరుసగా వస్తూనే ఉంటాయి. మెళ్లో ఐడీ కార్డులు, చేతిలో టిఫిన్ క్యారియర్లు, సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు, ఒడిశా, బిహార్ పిల్లలు. ఇంతమంది పనిచేసే చోట కూర్మన్నపాలెం లాంటి ఒక టెంటు ఎందుకు లేవలేదు?

ధైర్యం చాలక కాదు. స్టీల్‌ప్లాంటు వాళ్లు ఒకే కంపెనీ, ఒకే గేటు, ఒకే కాలనీ. ఫార్మాసిటీలో ఎన్ని కంపెనీలో అన్ని గేట్లు, ప్రతి గేటు వెనక మళ్లీ కాంట్రాక్టర్లు. అద్దె గదుల్లో నలుగురేసి ఉండే కుర్రాళ్లు మూడేళ్లకో కంపెనీ మారతారు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం జనం పోగవుతారు, గేటు ముందో మార్చురీ ముందో. పరిహారం అంకె తేలాక చెదిరిపోతారు. 2024 ఆగస్టు 21న పొరుగున ఉన్న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడుకు 17 మంది బలైనప్పుడూ జరిగింది అదే. ఫార్మా కంపెనీల మధ్య ఇరుక్కున్న తాడి ఊరివాళ్లు మమ్మల్ని ఇక్కడి నుంచి తరలించండని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఫార్మా వ్యర్థాల పైపులైను నీళ్లు సముద్రంలో కలిసే దగ్గర ముత్యాలమ్మపాలెం వైపు మత్స్యకారులకు వాళ్ల గోడు వాళ్లది. తాడి గోడు తాడిలో, సముద్రం గోడు ఒడ్డున, ఫ్యాక్టరీ గోడు గేటు ముందు. మూడూ కలిసే జంక్షన్ మా మండలానికి ఇంకా ఏర్పడలేదు. లంకెలపాలెంలో రోడ్లు కలుస్తాయి, ఈ మూడు గోడులు కలవవు.

ప్రభుత్వాలకు నిరసన అంటే ఒక మూల చూపించి ‘అక్కడ కూర్చో’ అనడం అలవాటు. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌ను 2017లో మూసేస్తే మళ్లీ తెరవడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. విశాఖలో జీవీఎంసీ ఎదుటి గాంధీ విగ్రహానికి రోజుకో సంఘం మొర వినిపిస్తుంది. అవి ఎవరో చూపించిన చోట్లు. కూర్మన్నపాలేన్ని ఎవరూ చూపించలేదు, జనమే పట్టుకున్నారు. దాని బలమూ అదే, బలహీనతా అదే. రోడ్డు వెడల్పు చేస్తామని రేపు ఒక ఇంజనీరు టేపు పట్టుకుని వస్తే, ఈ చోటు మాది అని చూపించడానికి పట్టా ఏమీ లేదు.

ఆ టేపు రావడానికి ఎక్కువ కాలం పట్టేట్టు లేదు. విశాఖ మెట్రో మొదటి కారిడార్ ఈ స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర మొదలై కొమ్మాది దాకా 34 కిలోమీటర్లకు పైగా వెళ్లేలా ప్లాను వేశారు, దారిలో కొన్నిచోట్ల కింద రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్, ఆపైన మెట్రో. అదే జరిగితే పరవాడ మనిషి కూర్మన్నపాలెంలో బస్సు దిగి రైలెక్కుతాడు, మంచిదే. స్టేషన్‌కు స్థలం తీసేటప్పుడు, పార్కింగుకు తీసేటప్పుడు, ఆర్చి ముందు ఒక వెయ్యి మంది నీడలో కూర్చోగలిగేంత జాగా కూడా కొలిచి పక్కన పెట్టమని యూనియన్లూ నిర్వాసితుల సంఘాలూ కలిసి ఇప్పుడే అడగాలి. నాలుగు చెట్లు, ఒక కొళాయి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఫ్లెక్సీ కట్టుకోడానికి రెండు స్తంభాలు. ఇన్నేళ్ల దీక్షల్లో ఆడవాళ్లు ఎంతమంది కూర్చున్నారో, మరుగుదొడ్డి కోసం ఎవరి ఇంటి తలుపు తట్టాల్సి వచ్చిందో ఆ టేపు పట్టుకొచ్చే ఇంజనీరుకు చెప్పాల్సింది ఆ ఆడవాళ్లే.