చిట్టా నుంచి ఆవర్జా దాకా: నోట్స్ యాప్‌లలో వచ్చిన మార్పులు

సెల్‌ఫోన్‌లో వివరాలు రాసుకోవడానికి వాడే నోట్స్ యాప్‌లకు ఏటా కొత్త సదుపాయాలు చేరుతున్నా, వాటిలో ఏది నిజంగా ఉపయోగపడేది, ఏది హంగు మాత్రమే అన్నది వాడేవారి పనినిబట్టి, రాసే భాషనుబట్టి తేలవలసిన విషయం. ఒకే మనిషి రోజుకు మూడు నాలుగు భాషల మధ్య తిరుగుతూ, కూలి లెక్కను మాత్రం సొంత భాషలో రాసుకునే చోట ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది.

సూరత్ నగర ఆగ్నేయ భాగంలో డిండోలిని ఆనుకొని ఉన్న నవాగామ్ అటువంటి చోటే. నవాగామ్, డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలు మరమగ్గాల మీద, బట్టల వ్యాపారం మీద బతికే వలస కుటుంబాలతో పెరిగినవి. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీవారు, ఒడిశావారు, ఉత్తర భారతీయులు, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి నేతగాళ్లు ఈ నగరంలో పక్కపక్కనే బతుకుతున్నారు. తెలుగువారి సంఖ్య చెప్పుకోదగినంత ఉండటంవల్లనే సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మరమగ్గం కార్మికునికి కూలి సాధారణంగా నేసిన మీటర్లనుబట్టి లభిస్తుంది కనుక, ఏ మగ్గం మీద ఎన్ని తాకాలు దిగాయో, ఎన్ని మీటర్లకు ఏ రేటు పడిందో, పగార్‌లో, అంటే జీతంలో, బయానాగా ముందే తీసుకున్న డబ్బు కింద ఎంత కోత పడిందో అతను గుర్తుపెట్టుకోక తప్పదు. తాకా అంటే మగ్గం మీద నుంచి ఒక్కసారి కోసి దించే నిడుపాటి బట్ట.

పాత తెలుగు లెక్కల పద్ధతిలో ఏ రోజు వ్యవహారాన్ని ఆ రోజే వరసగా ఎక్కించే పుస్తకం చిట్టా. అందులోని పద్దులను ఒక్కో ఖాతా పేరిట విడదీసి రాసేది ఆవర్జా. నోట్స్ యాప్‌లు మొదట చిట్టాలుగానే పుట్టాయి. మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ ఆఫీస్ 2003తో పాటు వచ్చింది. 2007నాటి తొలి ఐఫోన్‌లోనే ఒక సాదా నోట్స్ యాప్ ఉండేది. 2008లో ఎవర్‌నోట్, 2013 మార్చిలో గూగుల్ కీప్ వెలువడ్డాయి. ఆ తరువాత వచ్చిన ముఖ్యమైన మార్పుల్లో చాలావరకు చిట్టాలో పడ్డ ముక్కను ఆవర్జాలోకి తేవడానికి జరిగిన ప్రయత్నాలే. నోటుకు పేరుపట్టీ తగిలించే లేబుల్, ముఖ్యమైనదాన్ని పైన నిలిపి ఉంచే పిన్, ఒక నోటు నుంచి మరొకదానికి దారి చూపే లింకు ఈ కోవలోవే. ‘పగార్’ అన్న లేబుల్ ఒక్కటి పెట్టుకుంటే చాలు, ఏడాది పొడుగునా రాసిన కూలి లెక్కలన్నీ ఒకచోటికి వస్తాయి.

ఎక్కించే పని తేలికైన తీరు

కీబోర్డు మీద తెలుగు గుణింతాలు, వత్తులు వెతుక్కుంటూ రాయడం చాలామందికి విసుగు పుట్టించే పని. 2017 ఆగస్టులో గూగుల్ తన మాట గుర్తింపు సేవను తెలుగు, గుజరాతీ, మరాఠీలతో సహా మరో ఎనిమిది భారతీయ భాషలకు విస్తరించడంతో, నోట్స్ యాప్‌లో నోటితో చెప్పిన మాట తెలుగు అక్షరాలుగా పడే వీలు కలిగింది. అయితే మగ్గాల చప్పుడులో ఈ పద్ధతి నమ్మదగినది కాదు; కార్ఖానా బయటికి వచ్చి చెప్పుకోవడమే మేలు, చెప్పిన అంకెలను ఒకసారి కంటితో సరిచూసుకోవడం ఇంకా మేలు. సంభాషణను రికార్డు చేసి, దానంతటదే రాతగా మార్చే సదుపాయం ఆపిల్ నోట్స్‌లో 2024నాటి ఐఓఎస్ 18తో వచ్చినా, ఆరంభంలో అది ఇంగ్లీషుకే పరిమితమైంది. అదే విడుదలలో వచ్చిన లెక్కల సదుపాయం మాత్రం భాషతో పెద్దగా పనిలేనిది: మీటర్లను రేటుతో గుణించి సమాన చిహ్నం పెడితే మొత్తం పక్కనే కనిపిస్తుంది.

కాగితం ఫొటోలోని అక్షరాలను గుర్తించి రాతగా మార్చే పద్ధతిని అక్షర గుర్తింపు అంటారు. గూగుల్ 2015లో తన డ్రైవ్ సేవలో 200కు పైగా భాషలకు దీనిని అందుబాటులోకి తెచ్చింది. అచ్చు అక్షరాలను ఇది బాగానే చదువుతుంది గాని, హడావిడిగా గీసిన చేతిరాత చీటీ దగ్గర తరచు తడబడుతుంది. అందువల్ల గుజరాతీలో చేతితో రాసిన కూలి చీటీని ఫొటోగా దాచుకొని, మొత్తాన్ని, తేదీని దాని కింద సొంతంగా రాసుకోవడమే భద్రమైన పద్ధతి.

వెతుకులాటలో తెలుగు చిక్కులు

రాసినది తిరిగి దొరకడమే ఈ యాప్‌లకు అసలు పరీక్ష. తెలుగులో మాట విభక్తినిబట్టి, వచనాన్నిబట్టి రూపు మారుతుంది. చాలా యాప్‌ల వెతుకులాటకు తెలుగు వ్యాకరణం తెలియదు, అక్షరాల వరస ఒక్కటే తెలుసు. ‘మగ్గం’ అని కొట్టి వెతికితే ‘మగ్గాలు’, ‘మగ్గానికి’ అని రాసిన నోట్లు రాకపోవచ్చు. చివరి సున్నాను వదిలేసి ‘మగ్గ’ అని వెతికితే మాట తొలిభాగాన్ని చూసే యాప్‌లో మూడూ వస్తాయి. ‘ఇల్లు’ అన్నది ‘ఇంటికి’గా మారే చోట ఈ ఉపాయమూ పారదు, రెండు రూపాలనూ విడివిడిగా వెతకవలసిందే.

ఇంకో చిక్కు కంటికి కనిపించనిది. ‘సూరత్‌లో’ అని రాసేటప్పుడు తకారపు పొల్లు తరువాతి లకారంతో కలిసిపోకుండా విడిగా నిలవడానికి, వాటి మధ్య ఒక అదృశ్య గుర్తు చేరుతుంది. అక్షరాలకు కంప్యూటర్లలో సంకేత సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో ఇదీ ఒక అక్షరంగానే లెక్క. కనుక గుర్తు ఉన్న మాట, లేని మాట యంత్రానికి వేర్వేరుగా తోచవచ్చు. ఇటువంటి సూక్ష్మాలు ఎంత దూరం పోగలవో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. జ, పొల్లు, ఞ, పైన చెప్పిన అదృశ్య గుర్తు, దీర్ఘం కలిసిన ఒక తెలుగు అక్షర వరసను చూపబోయి ఐఫోన్లలోని సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. కొత్త సదుపాయాల జాబితాలో ఎన్నడూ కనిపించని ఇటువంటి సవరణలే తెలుగులో రాసేవారికి తరచు ఎక్కువ మేలు చేస్తాయి.

జత కలవడం, బయటికి తేవడం

ఒకే నోటును ఇద్దరు పంచుకున్నప్పుడు, లేదా ఒకరే రెండు ఫోన్లలో వాడినప్పుడు, మార్పులన్నింటినీ ఒకటిగా కలపడాన్ని సింక్ అంటారు. నెట్ లేని వేళ నవాగామ్‌లో భర్త, ఊళ్లో భార్య ఒకే ఇంటి ఖర్చుల నోటును దిద్దితే, ఏ దిద్దుబాటు నిలవాలన్న ప్రశ్న వస్తుంది. కొన్ని యాప్‌లు చివరిగా వచ్చినదాన్నే ఉంచుతాయి. జాప్లిన్ వంటివి తగువు పడ్డ ప్రతిని విడిగా దాచి, నిర్ణయాన్ని మనిషికే వదులుతాయి. డబ్బు లెక్క ఉన్న చోట రెండో పద్ధతే క్షేమం.

ఇటీవలి పోటీ కృత్రిమ మేధ చుట్టూ సాగుతోంది. 2023 నుంచి నోషన్, గూగుల్ నోట్‌బుక్‌ఎల్ఎమ్ వంటివి నోట్ల సారాంశం చెప్పడం, వాటి ఆధారంగా ప్రశ్నలకు జవాబివ్వడం మొదలుపెట్టాయి. సారాంశంలో ఒక అంకె తప్పినా వాక్యం మాత్రం నమ్మకంగానే వినిపిస్తుంది కనుక, కూలి లెక్కకు మూలమైన నోటే ప్రమాణం కావాలి.

వీటన్నింటికన్నా ముందు చూసుకోవలసినది, రాసినదాన్ని యాప్ నుంచి బయటికి తెచ్చుకునే వీలు. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు, ఒక్క నోట్‌బుక్‌కు కుదించింది. పాత నోట్లను చూసుకునే, బయటికి తెచ్చుకునే వీలు మిగిలినా, హద్దు దాటినవారు కొత్త నోటు రాయాలంటే పాతవాటిని తొలగించడమో, డబ్బు కట్టడమో చేయవలసి వచ్చింది. గూగుల్ కీప్ నోట్లను టేకౌట్ సేవద్వారా దించుకోవచ్చు. అబ్సిడియన్ నోట్లు ఫోన్‌లోనే సాదా అక్షర ఫైళ్లుగా ఉంటాయి కనుక యాప్ లేకపోయినా తెరుచుకుంటాయి. కొత్త యాప్‌కు మారేవారు ముందుగా పది తెలుగు నోట్లు రాసి, వాటిని మాట రూపు మార్చి వెతికి, ఫైళ్లుగా దించి వేరే చోట తెరిచి, వత్తులు, గుణింతాలు చెదరకుండా వచ్చాయో లేదో చూసుకోవాలి. ఈ పరీక్షలో నెగ్గని యాప్‌కు ఎన్ని హంగులున్నా ఏడాది కూలి లెక్కను అప్పగించడం తగదు.