అంగుళములో ఆరడుగులు

ప్రమాణమను మాటకు మన భాషయందు పెక్కర్థములు కలవు. కొలత ప్రమాణము, సాక్ష్యము ప్రమాణము, ఒట్టు పెట్టుకొనుటయు ప్రమాణమే. ఈ మూడును ఒక్క మాటలో నిమిడియుండుట ఊరక జరిగినది కాదని నాకు దోచుచుండును. కొలత తప్పినచో సాక్ష్యము చెడును. సాక్ష్యము చెడినచో ఒట్టు వమ్మగును. ఇంగ్లండు దేశమున వర్ధిల్లి, పిదప లోకమంతటను వ్యాపించిన యొక చేతిపనిని గూర్చి సోదరీమణులకు చెప్పబూని, ఈ మాటతో నారంభించితిని. బ్రిటిషు యుద్ధవిమానములకు సరియైన కొలతలతో చిన్న నమూనాలు కూర్చుటయే ఆ పని.

యుద్ధవిమానములతో ఇల్లాండ్ర కేమి పనియని కొందఱు అడుగవచ్చును. పిల్లవాడు బల్లమీద ప్లాస్టికు ముక్కలు పఱచుకొని, గదినిండ జిగురు వాసన నింపి, ఎన్నిసారులు పిలిచినను భోజనమునకు రాకున్నచో, తల్లికి అది వట్టి కాలహరణముగానే కనబడును. ఆ ముక్కలయం దేమున్నదో తెలిసికొన్నచో నామెయు ప్రక్కన కూర్చుండును.

ముందుగా కొలత సంగతి. ఈ నమూనాలలో మిక్కిలి ప్రచారమునందున్నది 72వ వంతు మానము. అనగా అసలు విమానమున ఆరడుగులు నమూనాలో ఒక్క అంగుళమగును. లెక్క సులభము: అడుగులను ఆరుచే భాగించినచో అంగుళములు వచ్చును. స్పిట్‌ఫైరు విమానము రెక్కల కొనలమధ్య దూరము 36 అడుగుల 10 అంగుళములు. నమూనాలో ఆరంగుళములకు కొంచెము మించును. లాంకాస్టరు అను నాలుగింజనుల బాంబువిమానమునకు 102 అడుగులు. నమూనాలో సరిగా 17 అంగుళములు. ఆరడుగుల మనుష్యుడు అంగుళమంత యగును. మన శిల్పశాస్త్రములయందును తాళమానమని కలదు గదా! ముఖము నిడివి యొక తాళము, దానికి పండ్రెండంగుళములు. మూర్తి అరచేతిలో నిమిడినను, ఆలయమంత ఎత్తున్నను, అంగముల నడిమి నిష్పత్తి చెడరాదు. ఈ నమూనాకారుల ధర్మమును అదియే.

ఈ విద్యకు చరిత్ర కలదు. 1930 దశాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండున స్కైబర్డ్స్ అను పేర, కఱ్ఱముక్కలును లోహపు భాగములును గల పెట్టెలు ఈ 72వ వంతు మానముతోనే వెలువడినవి. 1936లో ఫ్రాగ్ అను పేర ఎగురు బొమ్మవిమానములు చేయువారే ప్లాస్టికుతో కదలని నమూనాలను అమ్మజొచ్చిరి. అవి యెగురలేనివి గావున, ఎగురలేని పక్షి పేర వానికి పెంగ్విన్ అని నామకరణము చేసిరి. యుద్ధానంతరము ఎయిర్‌ఫిక్స్ అను సంస్థ 1953లో చిన్న స్పిట్‌ఫైరును విడుదల చేసెను. హంగరీదేశమునుండి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో స్థాపించిన సంస్థ యది. అల్పమగు వెలకు సామాన్యుల యిండ్లలోని పిల్లలకుగూడ ఈ వినోద మందినది అప్పటినుండియే.

అయినను నమూనా యనునది వినోదముగా మాత్రమే యుండలేదు. 1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను యుద్ధమున దిగెను. మూడుదినములు గడచిన పిదప, 6వ తేదీ యుదయమున, శత్రువులు వచ్చుచున్నారను తప్పుడు హెచ్చరికతో ఆకాశమునకు లేచిన స్పిట్‌ఫైరులు, తమ పక్షముననే యున్న హరికేనులను శత్రువిమానములని భ్రమించి, రెండింటిని కూల్చివేసినవి. ఒక యువకుడు తనవారి చేతనే మరణించెను. తత్తరపాటు కొంత, వార్తల చిక్కు కొంత కారణములే. కాని ఆకారమును క్షణములో గుర్తింపలేకపోవుటయు నొక కారణమే. అందుచేత యుద్ధకాలమున వైమానికులకును, ఫిరంగులవారికిని, ఆకాశమును కనిపెట్టియుండు కావలివారికిని ఛాయాచిత్రములతోను నమూనాలతోను విమానముల గుర్తు నేర్పుచుండిరి. ముప్పదియడుగుల దూరమున వ్రేలాడదీసిన 72వ వంతు నమూనా, 2,160 అడుగుల దూరమున నున్న నిజమైన విమానమంతయే కంటికి కనబడును. అమెరికా నౌకాదళమువారు 1942లో ఇట్టి నమూనాలు ఐదులక్షలు చెక్కి యిమ్మని పాఠశాలల బాలబాలికలనే కోరిరి. ఆ బాలుర చేతిలో రెక్క వంపు తప్పినచో, ఎక్కడనో యొక ప్రాణము తప్పవచ్చును. కొలతకును సాక్ష్యమునకును గల సంబంధ మిది.

ఇక కూర్చు విధము చెప్పెదను. పెట్టె తెఱచినచో, కాడకు కాయలవలె చట్రములకు అంటియున్న ముక్కలు కనబడును. వానిని వ్రేళ్లతో త్రుంచరాదు. చిన్న కత్తెరతో గాని పదునైన చాకుతో గాని వేఱుచేసి, అంటు మిగిలినచోట ఆకురాయితో అరుగదీయవలెను. జిగురు పూయుటకు ముందు ముక్కలను ఊరకనే చేర్చి చూచుకొనవలెను. రవికె కుట్టుటకు ముందు కచ్చాకుట్టు వేసి చూచుకొనుట వంటి దిది. ఈ జిగురు మన బంక వంటిది కాదు. రెండంచులను కొంచెము కరగించి ఏకము చేయును. కనుక ఒక్కబొట్టు ఎక్కువైనను పైభాగమంతయు పాడగును. అతుకు ఆరినపిదప సన్నని ఉప్పుకాగితముతో గీత కనబడకుండ నునుపు చేయవలెను. వైమానికుడు కూర్చుండు గూటిలోని రంగులను రెండు సగములు అతుకకమునుపే వేయవలెను. తరువాత కుంచె లోనికి పోదు. గూటిమీది పారదర్శకమగు మూతకు మాత్రము ఈ జిగురు కూడదు. దాని యావిరిచే మూత మసకబాఱును. తెల్లని కఱ్ఱజిగురే దానికి తగినది.

రంగు చిక్కగా ఒక్కపూత వేయుటకంటె పలుచగా రెండు పూతలు మేలు. గుర్తుల బొమ్మకాగితములను నీట నానబెట్టి, మెల్లగా జార్చి అంటింపవలెను. అంటించుటకు ముందు మెఱుగు వార్నీషు పూసినచో క్రింద గాలి నిలిచి తెల్లబాఱదు. పైన మెఱుపులేని వార్నీషు పూసినచో అంతయు కలిసిపోవును. ముగ్గుపిండిని సన్నని ధారగా విడుచు చేతికి ఈ పని యేమియు కొత్తది కాదు.

కూర్చుట యింతే, సరిగా కూర్చుటయే తపస్సు. స్పిట్‌ఫైరు ఒక్కటే యనుకొందుము గాని, అది 20,000లకు పైగా తయారై, ఏండ్లు గడచినకొలది మాఱుచు వచ్చినది. మొదటివానికి రెండాకుల కఱ్ఱ పంకా, పిమ్మట మూడాకులు, తొమ్మిదవరకమునకు నాలుగు, పదునాలుగవదానికి ఐదు. మొదటిరకమున కుడిరెక్క క్రింద నీటిని చల్లార్చు పెట్టెయు, ఎడమరెక్క క్రింద నూనెను చల్లార్చు చిన్నగొట్టమును ఉండి రెండుప్రక్కలు వేఱువేఱుగా కనబడును. తొమ్మిదవరకమున రెండుప్రక్కల సమానమగు పెట్టె లుండును. మొదటిదానికి తొమ్మిదవదాని పంకా తగిలించుట, తాతగారి పెండ్లి పటములో మనుమని గడియారము చిత్రించుట వంటిది. రేకుల అతుకుగీతలను చూడుడు. నమూనాపై అరమిల్లీమీటరు గాడి యున్నచో, అసలు విమానమున అది 36 మిల్లీమీటర్ల చీలిక యగును. అట్టి చీలికలతో ఏ విమానము ఎగురును? అందుచేత తెలిసినవారు గాడిని నింపి, వెండ్రుకవాసియంత గీత మాత్రమే నిలుపుదురు. కొందఱు రంగునుగూడ కొంచెము తేలికచేయుదురు. దూరపుకొండ అడవి యాకుపచ్చగా గాక నీలముగా తోచునట్లు, చిన్నదానిపై గాఢమగు రంగు మఱింత చీకటిగా కనబడును.

రంగులును కాలమును తెలుపు సాక్షులే. 1940 వేసవిలో ఇంగ్లండును కాచిన యుద్ధవిమానముల మీదిభాగమున మట్టిరంగును ముదురాకుపచ్చయు నుండెను. 1941 ఆగస్టునుండి మట్టిరంగునకు మాఱుగా సముద్రపు బూడిదవన్నె వచ్చెను. ఎఱుపు, తెలుపు, నీలము వలయములు బ్రిటిషు గుర్తు. కాని జపాను గుర్తు ఎఱ్ఱని సూర్యబింబము గావున, భారత బర్మా రంగములయందు ఆ నడిమి యెఱుపు ప్రాణాంతకమని తలచి తొలగించి, ముదురు లేతనీలములను మాత్రమే నిలిపిరి. ఒక్క బొట్టు రంగులో శత్రుమిత్ర భేద మున్నదన్నమాట!

ఈ కథ మనవారికి దూరమైనది కాదు. 1918లో రాయల్ ఎయిర్‌ఫోర్సు వారి 110వ దళమునకు హైదరాబాదు నిజాము ప్రభువు విమానములను దానము చేసెను; ఆ దళమునకు హైదరాబాదు పేరే వచ్చెను. రెండవ యుద్ధమున 152వ దళమునకును అదే పేరు. నిజాము తలపాగయే దాని చిహ్నము. ఈ దళపు స్పిట్‌ఫైరులు 1940లో దక్షిణ ఇంగ్లండునందలి వార్మ్‌వెల్ నుండి పోరాడినవి. వాని ప్రక్కలమీద యు, ఎమ్ అను అక్షరము లుండెను. పిదప అదే దళము బర్మారంగమునకు వచ్చి ఎఱుపులేని నీలపు వలయములను ధరించెను. ఆంధ్రజిల్లాలు అప్పుడు చేరియున్న మద్రాసు ప్రెసిడెన్సీ పేర 79వ, 234వ, 264వ దళములు వెలసినవి. ఆ పేళ్ల వెనుక మన రైతుల పన్నులును, ఇండ్లలోని కాసులును లేవనగలమా? ఇట్టి విమానమును కూర్చు తెలుగు పిల్లకు ఈ సంగతి చెప్పవలసినది మనమే.

విమానములు నడుపుటలోను, బాగుచేయుటలోను స్త్రీల పాలును కలదు. కర్మాగారములనుండి దళములకు విమానములను చేర్చు సహాయకసంఘమున నూటయఱువదికి పైగా స్త్రీలు వైమానికులైరి. 1943లో వారికి పురుషులతో సమానమగు వేతన మిచ్చిరి. ముక్కు క్రిందికి వంచినంతనే మెర్లిన్ ఇంజను క్షణకాలము ఆగుచుండెడి లోపమును, 1941లో బియట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు చిన్న రంధ్రముగల లోహపు బిళ్లతో సవరించినది. నమూనాలో ఆ బిళ్ల కనబడదు. తెలిసినవారికి మాత్రము ఇంజను మూత క్రింద అది యుండును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. నమూనా లేనిచో కొన్ని విమానములు నేడు కంటికే కానరావు. షార్ట్ స్టర్లింగు అను నాలుగింజనుల బాంబువిమానములు రెండువేలకు పైగా తయారైనవి. వానిలో ఒక్కటియైనను పూర్తిగా మిగిలిలేదు. పటములును, కొలతల చిత్తరువులును, శకలములును మాత్రమే నిలిచినవి. దానిని చుట్టుతిరిగి చూడవలెనన్నచో, ఎవరో బల్లయొద్ద కూర్చుండి, పదునారున్నర అంగుళముల రెక్కలతో సరిగా కూర్చిన నమూనాయే గతి. అందులో తప్పు చేసినచో దిద్దుటకు అసలుది లేదు. సాక్షి ఒక్కడే మిగిలినప్పుడు వాడు అబద్ధమాడరాదు గదా!

ఇన్ని చెప్పియు ఒక సంగతి దాచినచో నేనును ప్రమాణము తప్పినదాననగుదును. ఇవి చంపుటకై చేసిన యంత్రములు. 1943 మే నెలలో జర్మనీదేశపు ఆనకట్టలపైకి 19 లాంకాస్టరులు పోయినవి, ఎనిమిది తిరిగిరాలేదు, పోయిన 133 మందిలో 53 మంది మరణించిరి. ఆనకట్ట తెగిన వఱదలో వేయికిమించి జనులు కొట్టుకొనిపోయిరి. వారిలో బలవంతపు కూలికి తేబడిన పరదేశపు స్త్రీలు పెక్కండ్రు. యుద్ధమంతటను ఆ బాంబుదళమున మడిసినవారు 55,573 మంది. వారు కూల్చిన నగరములలో మడిసినవారు అంతకు పలురెట్లు. పిల్లవాడు రెక్క కొలతలు సరిచూచుకొన్నట్లే, తల్లి ఈ లెక్కలను సరిచూచి చెప్పవలెను. పంకాకు ఆకులెన్నియో తెలిసి, క్రింద నెవరుండిరో తెలియకున్నచో ఆ నమూనా సగమే పూర్తియైనది.

ఈ పని నారంభింపగోరు ఇంటివారికి నాలుగు మాటలు. మొదట ఒక్క ఇంజనుగల చిన్న హరికేనునో స్పిట్‌ఫైరునో తెచ్చుకొనుడు. జిగురు, రంగులు వాడునప్పుడు కిటికీలు తెఱచియుంచుడు. దీపము దాపున పెట్టకుడు. పసివారు నేలమీది ముక్కలను నోట పెట్టుకొందురు, పనియైనవెంటనే ఊడ్చుడు. చాకు పెద్దలయొద్ద నుండవలెను. కొడుకునకే గాక కూతునకును బల్లయొద్ద చోటిండు. త్వరపెట్టకుడు, ఒక్క ఆదివారమున ముగియు పని కాదిది.

లాంకాస్టరు నమూనాలో ఏడుగురు మనుష్యుల కాసనము లుండును. ఒక్కొక్కరికి అంగుళమంత చోటు. ముందు ఒకడు, వెనుక తోకలో ఒకడు ఒంటరిగా కూర్చుండును. పిల్లలు ఆ చోటులకు రంగు వేయునప్పుడు, కుంచెను క్షణమాపి, అంగుళమును ఆరుచే గుణించి చూడుమని చెప్పుడు. ఆరడుగుల మనుష్యుడు నిలువునను కనబడును. వాని వెనుక ఎక్కడనో యొక తల్లి వాకిట నిలిచి కనిపెట్టియుండును. చిన్నదానిని సరిగా చేయుటయందలి ఫలమంతయు అదియే.